ఇంటివాళ్ళని తీసుకురండి

శుక్రవారం ఇంటివాళ్ళని వెంటబెట్టుకుని రమ్మని ఫోను వచ్చేసరికి మెకానిక్ చేతులు రెండూ మోచేతుల దాకా ఇంక్యుబేటర్ లోపల ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా పడుకోబెట్టే అద్దాల పెట్టె అది. వేడి నిలవడం లేదని పిల్లల వార్డువాళ్ళు దాన్ని నేలమాళిగలోకి తోసేసి పోయారు. బాగుచెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. కొత్త మిషన్లు కొన్న రోజునే ఆసుపత్రివాళ్ళు మరమ్మతులన్నీ ఆ కంపెనీకే అప్పగించారు. ఇప్పుడు ఏది ఆగినా కంపెనీ మనిషి టై కట్టుకుని వస్తాడు, పాత ముక్క తీసి కొత్త ముక్క పెడతాడు, సంతకం చేయించుకుని పోతాడు. మెకానిక్‌ని పొమ్మనలేక పొగబెట్టారనడానికీ లేదు. ఆ పొగ పెట్టే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. అతనొకడు కింద ఉన్నాడన్న సంగతి మరిచిపోయారు, అంతే.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు అంచు ఎండి చీలిపోయింది. పెట్టెలో వేడి అక్కడే జారిపోతోంది. పాతదాన్ని గీకేసి, కొత్త రబ్బరుని మూలల దగ్గర వంపు తిరిగేలా కోసి, బొటనవేలితో కొంచెం కొంచెంగా నొక్కుతూ వస్తున్నాడు. మధ్యలో వదిలితే అతుకు పట్టదు. అందుకని ఒక చేత్తో రబ్బరు నొక్కిపట్టుకునే రెండో చేతి వేలి కణుపుతో ఫోను నొక్కాడు.

తను దరఖాస్తు పెట్టుకున్న సంస్థ ఆఫీసులో ఫోన్లు చేసే అమ్మాయి. “అంతా అయిపోయినట్టేనండీ. శుక్రవారం పొద్దున ఇంటివాళ్ళని తీసుకుని వచ్చెయ్యండి. వాళ్ళతో మాట్లాడేస్తే ఇక మీ పేరు పంపించడమే.”

“ఇంటివాళ్ళనా? వాళ్ళెందుకండీ?”

“రూలండీ. అందరికీ ఉంటుంది. మీ ఇంట్లో ఎవరెవరుంటారు?”

“పెద్దాయన పోయారండీ. పెద్దావిడ ఒక్కరే ఉంటారు.”

“అయ్యో. సరే, పెద్దావిడనే తీసుకురండి. ఆవిడ సరేనంటే చాలు” అని ఆ అమ్మాయి ఫోను పెట్టేసింది.

ఆ సంస్థ చేతిలో పని ఉన్నవాళ్ళని ఏరి, ఆ పని తెలిసినవాళ్ళు దొరకని దేశాలకు రెండేళ్ళపాటు పంపుతుంది. నర్సులు, నీళ్ళ ఇంజనీర్లు, లెక్కల టీచర్లు, ఇలాగ. జీతమంటూ ఉండదు. గదీ తిండీ దారి ఖర్చులూ వాళ్ళవే. మొదటిసారి పిలిచినప్పుడు ఎంపికలు చూసే అధికారి అతని చేత మిషన్ల గురించి చాలాసేపు మాట్లాడించి, చివర్లో ఒక ఫోటో చూపించాడు. ఎక్కడో ఒక ఆసుపత్రిలో గది. గదినిండా ఆగిపోయిన ఇంక్యుబేటర్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. ఎవరో దానమిచ్చారట. మొదటి వేసవికే ఆగిపోయాయట. స్క్రూ విప్పి లోపల ఏముందో చూసే మనిషి లేడట. “మీలాంటివాళ్ళ కోసమే వెతుకుతున్నామండీ” అన్నాడాయన. ఎవరో తనకోసం వెతుకుతున్నారన్న మాట విని మెకానిక్‌కి ఎన్నేళ్ళయిందో. బస్సులో ఆ మాటనే నెమరేసుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయాడు. ఆసుపత్రి మేనేజరుని రెండేళ్ళు సెలవడిగితే ఆయన ఎందుకని కూడా అడగకుండా తలూపాడు. అది అతనికి మేలే చేసింది గానీ, ఎందుకని ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడీ ఇంటివాళ్ళ సంగతి. మెకానిక్ పని మొదలుపెట్టినప్పటినుంచీ అద్దె గదుల్లోనే ఉన్నాడు. అతనికి ఆ మాటకి ఒకటే అర్థం. ఇంటివాళ్ళు నీళ్ళు ఆపేశారు. ఇంటివాళ్ళు గోడకి మేకు కొట్టొద్దన్నారు. ఇంటివాళ్ళకి పిల్లులంటే పడదు. సాయంత్రం అయ్యేసరికి పక్క గదుల్లో వాళ్ళు “ఇంటివాళ్ళు ఎదురుచూస్తుంటారు” అంటూ లేచిపోవడం అతను రోజూ వింటూనే ఉన్నాడు. కానీ ఆ ఇంటివాళ్ళు వేరు, తన ఇంటివాళ్ళు వేరు. దూరదేశం పంపించేవాళ్ళు మనిషి ఎలాంటివాడో కనుక్కోవాలంటే, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళని కాక ఇంకెవర్ని అడుగుతారనుకున్నాడు. పద్ధతిగల సంస్థే అనుకుని, మెచ్చుకుని మరీ మళ్ళీ రబ్బరు నొక్కడం మొదలుపెట్టాడు.

చిక్కల్లా ఒకటే. వెళ్ళిపోతున్నట్టు పెద్దావిడకి ఇంతవరకూ చెప్పలేదు. ముందే చెబితే ఆవిడ ఇంకొకర్ని చూసుకుంటుంది. తీరా ఎంపిక కాకపోతే తను రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. అన్నీ ఖాయమయ్యాక చెబుదామనుకున్నాడు.

ఆ సాయంత్రం మేడ ఎక్కకుండా ఆవిడ గుమ్మం ముందు ఆగాడు. పెద్దావిడ ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, వీధిలోవాళ్ళ ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, చీలిన జేబులు కుట్టడం చేస్తుంటుంది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఆ మిషను కొన్నాళ్ళుగా కుట్టు తప్పుతోంది. అది ఆవిడకంటే పైన ఉండే మెకానిక్‌కే ఎక్కువ తెలుసు. టకటకమని సాగుతున్న చప్పుడు ఉన్నట్టుండి కుంటేది, అతని వేళ్ళు దురద పెట్టేవి. కానీ అడగందే వెళ్ళి చేతులు పెట్టడం అతనికి రాదు. ఆవిడకి అడగడం రాదు. తన కిరాయిదారు ఆసుపత్రిలో ఏదో రాతపని చేస్తాడని ఆవిడ అనుకుంటోంది. వాళ్ళిద్దరి మధ్యా నడిచే మాటలన్నీ నీళ్ళ మోటారు, వీధి గేటు చుట్టూనే. వీధిలోవాళ్ళతో అతని గురించి చెప్పాల్సివస్తే ఆవిడ “మా పైవాడు” అంటుంది.

శుక్రవారం పొద్దున తనతో ఒక ఆఫీసుకి రాగలరా అని అడిగాడు మెకానిక్. తను ఆవిడ ఇంట్లో ఉంటున్నట్టు చెబితే చాలన్నాడు.

పెద్దావిడ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. “పోలీసులా?”

“కాదండీ. ఉద్యోగం సంగతి.”

“ఏం చెప్పాలి?”

“ఉన్నదున్నట్టు చెప్పండి.”

“ఉన్నదున్నట్టే చెబుతాను. గేటు గొళ్ళెం సగమే వేస్తావని కూడా చెబుతాను.”

మెకానిక్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. బస్సులో మాత్రం నిలబడలేనని, ఖాళీ బస్సు వచ్చేదాకా ఆగుదామని చెప్పి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. అతను అబద్ధమేమీ ఆడలేదు. నిజాన్ని మాత్రం బయటే వదిలి మెట్లెక్కాడు.

శుక్రవారం పెద్దావిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతిసంచీలో నీళ్ళ సీసా పెట్టుకుని, అతనికంటే ముందే గేటు దగ్గర నిలబడి ఉంది. రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కారు. ఆఫీసు హాల్లో గోడల వెంట కుర్చీలు వేసి ఉన్నాయి. దాదాపు అన్నీ నిండిపోయాయి. ఒక నర్సు ఒళ్ళో బిడ్డ నిద్రపోతోంది. పక్కన మొగుడు, అటుపక్క అత్తగారు. కొంచెం అవతల ఒక ఇంజనీరు, అతని తల్లీ తండ్రీ. తండ్రి కొడుకు చొక్కా కాలరు సర్దుతుంటే కొడుకు విసుక్కుంటున్నాడు. మూల కూర్చున్న టీచరమ్మ, వాళ్ళ అక్కయ్య గుసగుసగా పోట్లాడుకుంటూ మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటున్నారు. మెకానిక్ హాలంతా చూశాడు. ఒక్కరి వెంటా ఇంటి ఓనరు రాలేదు.

చూస్తున్నకొద్దీ అతని చెవులు వేడెక్కాయి. ఇంటివాళ్ళంటే ఎవరో, ఈ హాల్లో ఉన్న ప్రతివాడికీ ఇంకొకరు చెప్పకుండానే అర్థమైంది. తనొక్కడికే అర్థం కాలేదు. అర్థమై ఉంటే మాత్రం ఎవర్ని తెచ్చేవాడు? లేచి బయటికి వెళ్ళిపోదామనుకున్నాడు. పక్కన పెద్దావిడ తీరిగ్గా కూర్చుని నర్సు అత్తగారితో మాట కలిపేసింది. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగింది ఆ అత్తగారు.

“కింద నేను, పైన పైవాడు” అంది పెద్దావిడ.

అత్తగారు భక్తిగా తలూపింది. “అంతేనమ్మా. ఆఖరికి ఎవరికైనా పైవాడే దిక్కు.”

“ఏం దిక్కు? మోటారు కట్టెయ్యడమే గుర్తుండదు.”

ఇంకో రోజైతే మెకానిక్‌కి ఈ మాటకి పొట్ట చెక్కలయ్యేది. ఇప్పుడు లేచి, ఫోన్లు చేసే అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళి, వంగి, చిన్న పొరపాటు జరిగిందండీ అన్నాడు. పెద్దావిడంటే మీ అమ్మగారనుకున్నానండీ అని ఆ అమ్మాయి కూడా గొంతు తగ్గించింది. ఇద్దరూ ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉండగానే లోపలి తలుపు తెరుచుకుని మెకానిక్ తాలూకువాళ్ళని రమ్మన్నారు. వచ్చినవాళ్ళని ముందు విడిగా పిలిచి మాట్లాడటం అక్కడి పద్ధతి. అతను వెనక్కి తిరిగేసరికి పెద్దావిడ సంచీ భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

ఎంతసేపు ఉందో. మిగతావాళ్ళ ఇంటివాళ్ళకి ఇంతసేపు పట్టలేదనిపించింది. తిరిగొచ్చినప్పుడు ఆవిడ అతని వైపు చూడలేదు. కుర్చీలో కూర్చుని నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టేసింది.

లోపల ఎంపికల అధికారి ఒక్కడే ఉన్నాడు. టీ పోసి అతని ముందుకు జరిపాడు. ఆవిడ మీకేమవుతారని అడిగాడు.

“ఇంటివాళ్ళండీ.”

“అంటే?”

“ఇల్లుగలవాళ్ళు. నేను మేడ మీద అద్దెకుంటాను.” మెకానిక్ టీకప్పు చెవి పట్టుకుని వదిలేశాడు. “ఇంటివాళ్ళని తీసుకురమ్మంటే, వాళ్ళేమోననుకున్నాను.”

అధికారి నవ్వబోయి ఆగిపోయాడు. ఈ రూలు ఎందుకు పెట్టుకున్నారో చెప్పాడు. ఆయన కూడా కుర్రతనంలో నీళ్ళ పైపులు వెయ్యడానికి రెండేళ్ళు వెళ్ళినవాడే. పని కష్టం కాదట. పని అయ్యాక గదికి వచ్చి తలుపు వేసుకున్నాక అసలు కష్టం మొదలవుతుందట. మొదటి వానలు వెళ్ళేసరికి మనిషి తనలో తను మాట్లాడుకుంటాడట. ఫోను చేసి తిట్టేవాళ్ళు, ఎందుకు సన్నబడ్డావని అడిగేవాళ్ళు ఒక్కరైనా వెనక లేకపోతే నిలవడట. అలా నిలవనివాళ్ళని వెనక్కి తీసుకురావడానికి ఆయనే స్వయంగా వెళ్ళాడట.

ఒంటరిగా ఉండటం తనకి అలవాటేనన్నాడు మెకానిక్.

“అలవాటున్నవాళ్ళనే ఎక్కువ తీసుకొచ్చానండీ.”

“ఎవరూ లేనివాడు వెళ్తే ఎవరికీ బాధ ఉండదు కదండీ. అలాంటివాడు నయం కాదా?”

“అందరూ అలాగే అనుకుంటారు. కానీ మీ విషయంలో ఇప్పుడు అది కాదు చిక్కు.” అధికారి ముందుకు వంగాడు. “రక్తసంబంధమే ఉండాలని మా రూల్లో లేదు. ఆవిడైనా మాకు చాలనే అనుకున్నాం. అందర్నీ అడిగినట్టే ఆవిణ్ణీ అడిగాం, రెండేళ్ళు పంపించడానికి మీకు సమ్మతమేనా అని. ఆవిడ ఒప్పుకోలేదు.”

మెకానిక్‌కి ఒక్కసారిగా ఒళ్ళు మండింది. “ఒప్పుకోకపోవడానికి ఆవిడెవరండీ?”

“మేమూ అదే చూస్తున్నాం” అన్నాడు అధికారి మెల్లగా. సోమవారం సాయంత్రం లోపల పేర్లు పంపించాలనీ, అప్పటిదాకా ఆగగలననీ, ఇంటివాళ్ళు వద్దన్న మనిషిని పంపడం తన చేతుల్లో లేదనీ చెప్పి లేచాడు. టీ అలాగే చల్లారిపోయింది.

తిరుగు బస్సులో సీట్లు చాలా ఉన్నాయి. అయినా ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు, వచ్చేటప్పుడు అలా కూర్చున్నారు కాబట్టి. పెద్దావిడ కిటికీలోంచి చూస్తోంది. ఇల్లు దగ్గరికొచ్చేదాకా మెకానిక్ పళ్ళు బిగబట్టుకునే ఉన్నాడు. ఆఖరికి ఎందుకలా చెప్పారని అడిగాడు.

“రెండేళ్ళు పోతున్నావట” అంది ఆవిడ కిటికీతోనే మాట్లాడుతున్నట్టు. “నీ నోటితో విన్నానా? ముక్కూమొహం తెలియనివాళ్ళు కూర్చోబెట్టి చెప్పారు. నువ్వు మిషన్లు బాగుచేస్తావని కూడా వాళ్ళే చెప్పారు. నా కుట్టుమిషను ఇన్నాళ్ళనుంచీ కుంటుతుంటే పైన కూర్చుని విన్నావు. నన్నేమనుకుని తీసుకెళ్ళావు, దారినపోయే సాక్షి అనుకున్నావా?”

“అద్దెకుండేవాడు వెళ్ళేటప్పుడు నెల ముందు చెబితే చాలు కదండీ.”

అన్నాక తెలిసింది ఏమన్నాడో. నాలుక కరుచుకున్నా మాట వెనక్కి రాదు.

“అవును. చాలు” అంది పెద్దావిడ. స్టాపు రాగానే అతనికంటే ముందు దిగి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

శనివారం ఇంక్యుబేటర్ పని పూర్తయింది. లోపల థర్మామీటరు పెట్టి, పొద్దున్నుంచీ పక్కనే కూర్చుని చూశాడు. వేడి గీత దాటలేదు, తగ్గలేదు. అద్దాలు తుడిచి, చక్రాలకి నూనె వేసి, లిఫ్టులో పైకి తీసుకెళ్ళి పిల్లల వార్డు తలుపు ముందు నిలబెట్టాడు. హెడ్డునర్సు వచ్చి చూసింది. మంచి మనిషి. పెట్టెలోకి చెయ్యి పెట్టి, వెచ్చగా ఉందని ఆశ్చర్యపోయింది కూడా. “కానీ మాస్టారూ, దీనికిప్పుడు కంపెనీ స్టిక్కరు లేదు. బిడ్డని ఇందులో పెట్టాక ఏదైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది” అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అతను ప్లగ్గు పీకి, వైరు చుట్టి, పెట్టెని మళ్ళీ కిందికి తీసుకొచ్చాడు. అది చల్లారడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఇక్కడ తన అవసరం లేదు, అవసరమున్న చోటికి దారి లేదు. ఎవరితోనైనా ఈ మాట అందామంటే ఫోనులో ఒక్క పేరూ దొరకలేదు.

ఆ సాయంత్రం గదికొచ్చి మంచం మీద వాలాక ఏదో తక్కువైనట్టనిపించింది. కాసేపటికి తెలిసింది, కింద కుట్టుమిషను ఆడటం లేదు. మర్నాడు ఆదివారం కూడా ఆడలేదు. వీధిలోవాళ్ళు బట్టలు తీసుకొచ్చి గుమ్మంలోంచే తిరిగిపోతున్నారు. నీళ్ళ మోటారు వెయ్యమని పిలుపు రాలేదు. ఆవిడే వేసి, ఆవిడే కట్టేసింది. పంతానికి పోయి ఊరుకుంటే సోమవారం సాయంత్రం దానంతటదే వస్తుంది, వచ్చి వెళ్ళిపోతుంది. ఎలా అడగాలో గోడకేసి చూస్తూ రెండు మూడు రకాలుగా అనుకుని చూశాడు. వెళ్ళడానికి ఒకరి అనుమతి అడగడం అతనికి ఇదే మొదలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పనిసామాను సంచీ తీసుకుని దిగాడు.

గుమ్మంలో నిలబడి, మిషను చూస్తానండీ అన్నాడు.

పెద్దావిడ సంచీ వైపు చూసి పక్కకి తొలిగింది. ఇన్నేళ్ళలో అతను ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి. మిషను ముందున్న స్టూలు మీద కూర్చుని, ముందు సూది తీసి గోరు మీద దొర్లించి చూశాడు. కొన వంగింది. గుడ్డని జరిపే పళ్ళ మీద ఉన్న పలక విప్పితే కింద దారపు నూగు అట్టలా పేరుకుపోయి ఉంది. చిమ్టాతో పీలికలుగా లాగడం మొదలుపెట్టాడు. పెద్దావిడ దీపం తెచ్చి అతని భుజం మీదుగా పట్టుకుంది.

పనిలో ఉన్నవాడితో మాట్లాడటం తేలిక. ఆవిడ ఒక్కొక్కటే అడిగింది. ఏ దేశం, ఎంత దూరం, గదిలో ఇంకెవరైనా ఉంటారా ఒక్కడివేనా, అక్కడి తిండి పడకపోతే ఏం చేస్తావు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు. వీటిలో చాలావాటికి అతను కనుక్కోవాలండీ అన్నాడు. మిషన్ల సంగతి అడిగినప్పుడు మాత్రం చెయ్యి ఆపి చెప్పాడు. నెలలు నిండని బిడ్డకి ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడం చేతకాదనీ, తల్లి కడుపులో ఉన్న వేడిని కొన్నాళ్ళు బయట అరువివ్వాలనీ, అక్కడ గదినిండా పెట్టెలున్నా ఇచ్చే దిక్కు లేదనీ చెప్పాడు. నిన్న తను బాగుచేసినదాన్ని తిప్పి పంపేశారని కూడా చెప్పాడు. అది చెబుతూ తల వంచి పలకకి స్క్రూలు బిగించాడు.

కొత్త సూది ఎక్కించి, పాత గుడ్డముక్క పెట్టి చక్రం తిప్పాడు. కుట్టు వరసగా పడింది. ఆవిడ గుడ్డ అందుకుని వెనక్కి తిప్పి చూసింది.

“మొన్న అన్న మాట తప్పండీ” అన్నాడు మెకానిక్ మిషను వైపే చూస్తూ. “ముందే చెప్పాల్సింది. మీరు ఏమనుకుంటారన్నది నాకు తట్టనే లేదు. నన్ను వెళ్ళనిస్తారా?”

పెద్దావిడ దీపం కింద పెట్టి, ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది.

“లోపల వాళ్ళు నన్ను అడిగారు, ఈయన లేకపోతే మీకేం లోటు అని. ఏముంది, ఇంకొకళ్ళు వస్తారు అందామనే నోరు తెరిచాను. మాట రాలేదు. పైన చప్పుడుండదు అన్నాను.” ఆవిడ గుడ్డముక్కని మడిచి మళ్ళీ విప్పింది. “నువ్వొచ్చి తలుపు తీస్తావు, బకెట్టు కింద పెడతావు, కుర్చీ జరుపుతావు. అది విన్నాక నేను పొయ్యి వెలిగిస్తాను. ఇలా చేస్తానని వాళ్ళు అడిగేదాకా నాకూ తెలియదు. సిగ్గేసింది. అప్పుడే పంపిస్తారా అని అడిగారు. వద్దన్నాను.”

మేడ మీద తను చేసే చప్పుళ్ళు ఎవరికైనా వినపడతాయనే మెకానిక్ అనుకోలేదు. నిన్న సాయంత్రం మిషను ఆడక తనకి అనిపించిందేమిటో చెప్పాలనుకున్నాడు. చెప్పలేకపోయాడు. సామాన్లు ఒక్కొక్కటే సంచీలో వేసుకున్నాడు.

“పొద్దున ఆ అమ్మాయికి ఫోను కలిపివ్వు” అంది ఆవిడ.

సోమవారం ఆసుపత్రికి వెళ్ళబోతూ ఆవిడ ముందుగదిలో నిలబడి ఫోను కలిపి ఇచ్చాడు. దూరంగా ఉన్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు గట్టిగా అరవాలని పెద్దావిడ నమ్మకం. శుక్రవారం తను వద్దన్నది నిజమేననీ, ఇప్పుడు సరేనంటున్నదీ నిజమేననీ వీధంతా వినపడేలా చెప్పింది. అటునుంచి ఆ అమ్మాయి ఏవో అడుగుతోంది. నెలకొకసారి ఫోను చేసి క్షేమం చెబుతామంటున్నట్టుంది.

“నెలకొకసారి ఏం సరిపోతుంది? వారానికొకసారి చెయ్యండి. జ్వరమొస్తే దాచకూడదు. అతను బాగానే ఉన్నానంటే నమ్మకండి, చూసి చెప్పండి” అంది. తర్వాత, ఆవిడ అతనికేమవుతుందని అడిగి ఉంటారు. “రాసుకోండి, ఇంటివాళ్ళమే” అని ఫోను అతని చేతిలో పెట్టేసింది.

అటువైపు అమ్మాయి అతనికి అభినందనలు చెప్పింది. పేరు ఈ సాయంత్రమే పంపిస్తారట. నెలాఖరుకి ప్రయాణం ఉంటుందట. మెకానిక్ ఆ అమ్మాయికి మూడుసార్లు థాంక్స్ చెప్పాడు. సంతోషం ఆగక, అద్దెకున్నవాడు చెయ్యాల్సినవన్నీ గబగబా ఏకరువు పెట్టాడు. గది ఖాళీ చేసేముందు గోడలకి సున్నం వేయిస్తాననీ, తన సామానెంతో లేదు గనుక ఒక్క పూటలో తీసేస్తాననీ, ఆసుపత్రిలో ఎవరైనా మంచివాళ్ళు గది కోసం చూస్తున్నారేమో కనుక్కుంటాననీ అన్నాడు. తాళంచెవి మాత్రం ఆఖరిరోజు పొద్దున చేతికిచ్చి వెళ్తానన్నాడు.

“తాళంచెవి నాకెందుకు?” అంది పెద్దావిడ.

“మరి నాకెందుకండీ? అక్కడ దీంతో పనేముంటుంది?”

“జేబులో పడుంటుంది. ఎవరైనా అడిగితే నీకూ ఒక ఇల్లుందని చూపించొచ్చు.”

ఆవిడ అతని ముఖం చూడకుండా మిషను దగ్గరికి వెళ్ళి, ఎవరిదో ప్యాంటు తీసి కాలు కొలవడం మొదలుపెట్టింది. మెకానిక్ జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి ఉందో లేదో తడుముకున్నాడు. ఉంది. గేటు దాకా వెళ్ళి, గొళ్ళెం పూర్తిగా వేసి, రోడ్డు మీద నిలబడ్డాడు. బస్సు వచ్చి వెళ్ళిపోయింది, ఎక్కలేదు. మొన్న శుక్రవారం దాకా రెండేళ్ళంటే అతనికి ఒక లెక్కే కాదు. ఇప్పుడు మొదటిసారి అవి చాలా పొడుగ్గా కనిపించాయి.